విప్పితే తెల్లబడే లైట్లు

విమానంలో సామాను అరల కింద, కిటికీల పైన, ముందు నుంచి వెనక దాకా సన్నటి తెల్లని వెలుతురు ఒకటి పరుచుకుని ఉంటుంది. ఎక్కినవాళ్లు దాన్ని పట్టించుకోరు. ఆ ఎల్‌ఈడీ లైట్లు తయారుచేసే కంపెనీలో నేను తొమ్మిదేళ్లుగా ఇంజనీరుగా పనిచేస్తున్నాను. కంపెనీ బెంగళూరులో ఉంది, నేను ఆత్మకూరులో ఉంటాను. మా ఆయన ఉదయగిరి పక్కన ఒక హైస్కూల్లో లెక్కల టీచరు. కరోనా రోజుల్లో ఇంటి దగ్గర నుంచే పనిచేసుకోవచ్చని కంపెనీ చెప్పాక ఇక్కడికి వచ్చేశాను. నెలకు నాలుగైదు రోజులు మాత్రం బెంగళూరు వెళ్లి ల్యాబులో కూర్చుంటాను.

నా పని ఫిర్యాదులు చూడడం. ఎక్కడైనా విమానంలో మా లైటు ఆరిపోయినా, మిణుకుమిణుకుమన్నా, రంగు మారినా అది నా బల్లమీదికి వస్తుంది. ఏమైందో కనిపెట్టి రిపోర్టు రాయాలి. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే అనుకునేదాన్ని.

మూడేళ్ల కిందట ఒక ఎయిర్‌లైన్స్ నుంచి ఒకే రకం ఫిర్యాదు మళ్లీ మళ్లీ రావడం మొదలైంది. లైట్లు పసుపెక్కుతున్నాయి. వరసలో అన్నీ తెల్లగా ఉండి, మధ్యలో ఒకటో రెండో పాతబడిన పేపరు రంగుకు తిరుగుతున్నాయి. వాళ్లు పంపిన ఫొటోల్లో అది స్పష్టంగా కనిపించేది. ఆ లైటును ఊడదీసి, పైనున్న ప్లాస్టిక్ గొట్టం విప్పి, లోపల ఎల్‌ఈడీలు అతికించిన సన్నటి పట్టీని మాత్రం మాకు పంపేవాళ్లు. అది బెంగళూరు చేరడానికి పది పదిహేను రోజులు పట్టేది. నేను దాన్ని బల్లమీద పెట్టి, రూలు ప్రకారం ఒక రోజంతా వెలిగించి, ఆ తరవాత మీటరుతో రంగు కొలిచేదాన్ని. తెల్లగా ఉండేది. ప్రతిసారీ తెల్లగానే ఉండేది. రిపోర్టులో "లోపం కనబడలేదు" అని రాసి కింద సంతకం పెట్టేదాన్ని.

మొదట రెండు మూడుసార్లు ఎయిర్‌లైన్స్ వాళ్లు మర్యాదగానే అడిగారు. ఆ తరవాత ఒకరోజు వాళ్ల ఇంజనీరు వీడియో కాల్‌లో విసుక్కున్నాడు.

"మేడమ్, ఇక్కడ మా అందరికీ కళ్లు పోయాయంటారా?"

ఇంకోసారి పరీక్షిస్తామని చెప్పాను. మా మేనేజరు హైదరాబాదు మనిషి, మాటకారి. కాల్ అయిపోయాక నాకు మళ్లీ ఫోన్ చేశాడు.

"వాళ్లు ఫోన్‌తోని ఫొటో తీస్తరు, మనం మీటర్‌తోని కొలుస్తం. ఎవర్ని నమ్మాలె? క్లోజ్ చేసెయ్."

క్లోజ్ చేశాను. చేసిన ప్రతిసారీ ఆ రోజంతా మనసు బాగుండేది కాదు. ఫొటోలో పసుపు నాకూ కనిపిస్తూనే ఉంది మరి. మా పిల్లకు జడ వేస్తూ కూడా అదే ఆలోచన. ఒకసారి పాయలు కలిపేసి మళ్లీ విప్పి వేయాల్సివచ్చింది.

తెల్లటి ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం వెలుతురు ఇచ్చే చిన్న గింజ. దానిమీద పసుపు పొడి కలిపిన మెత్తటి పూత ఒకటి ఉంటుంది. నీలమూ పసుపూ కలిసి మన కంటికి తెలుపుగా కనిపిస్తుంది. వేడికి ఆ పూత చెడిపోతే తెలుపు చెడిపోతుంది. ఇది మా రంగంలో అందరికీ తెలిసిన సంగతే. విమానంలో ఎక్కడో వేడి ఎక్కువై లైట్లు మాడుతున్నాయని నా అనుమానం. కానీ వేడికి మాడిన పూత మళ్లీ మామూలు రంగుకు రాదు. మాడితే నా బల్లమీద కూడా పసుపుగానే ఉండాలి. ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికి వచ్చి ఆగిపోయేదాన్ని.

ల్యాబులో వేడి పెట్టి పరీక్షించే ఛాంబరు ఉంది. అడిగితే అది ఇంకో ప్రాజెక్టుకు బుక్ అయిపోయింది, నాలుగు నెలలు ఆగమన్నారు. అప్పుడు మే నెల. ఆత్మకూరులో పగలు పదకొండు దాటితే రోడ్డుమీద మనిషి కనిపించడు. ఛాంబరు ఎందుకు, మా ఇంటి మిద్దె ఉంది కదా అనిపించింది. ల్యాబు నుంచి తెచ్చుకున్న నాలుగు పట్టీలను ఒక పాత ఇనప ట్రంకుపెట్టెలో పరిచి, లోపల థర్మామీటరు పెట్టి, వైర్లు కిందికి లాగి ఎండలో వెలిగించాను. మధ్యాహ్నం పెట్టెమీద చెయ్యి పెడితే చుర్రుమనేది. లోపల ఇంకా ఎక్కువ.

సరిగ్గా ఎండ ముదిరే వేళకు కరెంటు పోయేది. లైను మీద పని అనేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మరు అనేవాళ్లు. ఇన్వర్టరుకు కలిపితే అది గంటన్నరకే చేతులెత్తేసేది. ఒకరోజు కరెంటు తిరిగి వస్తూ వస్తూ వోల్టేజి ఎక్కువై రెండు పట్టీలు కాలిపోయాయి. మా ఆయన మిద్దెమీదికి వచ్చి చూసి, "ఏంది, నీ విమానానికి కూడా కోత పెట్టినారా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

మిగిలిన రెండు పట్టీలు మూడు వారాలు ఆ పెట్టెలో ఉడికాయి. తీసి చూస్తే పాలలా తెల్లగా ఉన్నాయి. మేనేజరుకు చెబితే అవతల నిట్టూర్పు వినిపించింది.

"మిద్దెమీద ట్రంకుపెట్టె టెస్టా? ఇది ఎక్కడన్న రాసినవా?"

"లేదు."

"మంచిపని చేసినవ్. రాయకు."

జూన్ మొదటి వారంలో మా మామగారు ఫోన్ చేశారు. ఆయన రిటైరైన టీచరు. ఉదయగిరికి కొంచెం ఎడంగా, దుర్గం కొండ కనిపించే ఊళ్లో ఉంటారు. అక్కడి బాప్టిస్టు చర్చిలో సంఘ పెద్ద. ఆ చర్చికి రేకుల కప్పు కింద కొత్తగా తెల్లటి సీలింగు వేయించి, దానికి ఎల్‌ఈడీ ట్యూబులు పెట్టించారు. పెట్టించమని పట్టుబట్టింది ఆయనే.

"ఏమ్మా, నువ్వు ఆకాశంలో పొయ్యేవాటికి లైట్లు చూస్తావు గదా. నేలమీదుండే గుడికి చూడలేవా?"

"ఏమైంది మామా?"

"ఏమైందా? కామెర్లు వచ్చినట్టుండాది స్టేజీ అంతా. పాస్టరు మొఖం చూస్తే జాలేస్తా ఉండాది. పాత ట్యూబులే నయమని ఆడోళ్లు గుసగుసలు పోతా ఉండారు. అందరూ నావంకే చూస్తారమ్మా."

శనివారం పిల్లను తీసుకుని బస్సెక్కి వెళ్లాను. నిజం చెప్పాలంటే చిరాగ్గానే వెళ్లాను. ఐదు రోజులూ ఇదే గోల, ఆరోరోజూ ఇదేనా అని. చర్చిలోకి అడుగుపెట్టి స్టేజీ వైపు చూడగానే ఆ చిరాకు ఎక్కడికో పోయింది. అది నాకు బాగా తెలిసిన పసుపు. వారం వారం ఫొటోల్లో చూస్తున్న పసుపు అచ్చం అదే. స్టేజీ మీద ఉన్న నాలుగు ట్యూబులు మారిపోయాయి. తలుపుల వైపు, గాలి ఆడే చోట ఉన్నవి మాత్రం ఇంకా తెల్లగా ఉన్నాయి.

ఆ లైట్లు బిగించిన ఎలక్ట్రీషియన్‌ను మామగారు ముందే పిలిపించి ఉంచారు. ఏఎస్ పేట మనిషి, యాభై ఏళ్లుంటాయి. అక్కడి దర్గా చుట్టూ ఉన్న లాడ్జీలకూ అంగళ్లకూ లైట్లు వేయడం ఆయన పని. అందరూ భాయ్ అనే పిలుస్తారు.

"బిగించేటప్పుడు ఏమైనా తేడాగా చేశారా భాయ్?" అని అడిగాను.

"తేడా ఏముంది మేడం. వానల్లో ఉసిళ్లు లోపలికి పోకూడదని పెద్దాయన ఒకటే పోరు పెట్టినాడు. అందుకని ట్యూబుకి రెండు పక్కలా బంకేసి గట్టిగా మూసినాను. గాలి కూడా దూరదు."

"ఏం బంక?"

"చెప్పులకేస్తారే, అది."

ఒకదాన్ని దించమన్నాను. ఆయన బ్లేడుతో బంక కోసి మూత లాగగానే ఘాటైన వాసన కొట్టింది. నిచ్చెన పట్టుకుని ఉన్న మామగారు ముక్కు మూసుకున్నారు. లోపలి పట్టీని బయటికి లాగి కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. ఒక్కొక్క ఎల్‌ఈడీ మీద మధ్యలో గోధుమరంగు చుక్క. కాచిన నేతిలో అడుగున దిగే గసి రంగు. ఇన్నేళ్లలో నా బల్లమీదికి వచ్చిన ఒక్కదానిలో కూడా అలాంటి చుక్క చూడలేదు.

ఫొటోలు తీశాను. వెలుగుతుండగా ఒక వీడియో కూడా తీద్దామని పాస్టరుగారి గదిలో బల్లమీద ఆ పట్టీని అలాగే విప్పి పెట్టి స్విచ్ వేశాను. ఆ తరవాత మాటల్లో పడి, భోజనానికి పిలుపు వచ్చి, దాన్ని ఆర్పడం మరిచిపోయాను.

మర్నాడు ఆరాధన అయ్యాక కొత్త ట్యూబులు పెట్టడానికి భాయ్ వచ్చాడు. పాస్టరుగారి గదిలోకి వెళ్లి బల్లమీదికి చూసి ఆగిపోయాను. నిన్నటి పట్టీ తెల్లగా వెలుగుతోంది. ఎవరైనా మార్చారేమో అనుకున్నాను. వైరుకు నేను చుట్టిన టేపు అలాగే ఉంది. ఆర్పి, చల్లారనిచ్చి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. గోధుమరంగు చుక్కలు దాదాపు పోయాయి.

"భాయ్, దీన్ని మీరేమైనా చేశారా?"

ఆయన ఒకసారి చూసి, పెద్ద విశేషమేమీ కానట్టు స్క్రూడ్రైవరు జేబులోంచి తీశాడు.

"అది అంతే మేడం. మూత తీసి వెలిగిస్తే తెల్లబడతాది. మళ్లా బంకేసి మూస్తే మళ్లా పచ్చబడతాది. ఎండాకాలం ఇంకా బిరీన పచ్చబడతాది. లాడ్జీల్లో ఇది ఎప్పటి నుంచో చూస్తా ఉండాం."

"ఎప్పటి నుంచి?"

"రెండు మూడేళ్ల నుంచి ఉండాది."

"మరి ఎవరికీ చెప్పలేదా?"

"ఎవురికి చెప్పాల? ఎవురడిగినారు?"

ఆయన నిచ్చెన తీసుకుని వెళ్లిపోయాడు. నేను ఆ గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుండిపోయాను. సంతోషం కలగలేదు. నేను సంతకం పెట్టిన రిపోర్టులు ఒకదాని వెనక ఒకటి కళ్లముందుకు వచ్చాయి. విమానంలో మూసి ఉన్న లైటు పసుపెక్కుతుంది. వాళ్లు దాన్ని విప్పి పంపుతారు. దారిలో పది రోజులు గాలి తగులుతుంది. పైగా నేను ఒక రోజంతా బల్లమీద వెలిగిస్తాను. అప్పటికి అది బాగైపోతుంది. ఆ తరవాత తీరిగ్గా మీటరు పెట్టి, లోపం లేదని రాస్తాను. జబ్బు మనిషికి నా చేతులతో నేనే మందేసి, లేచి కూర్చున్నాక వీడికి ఏ జబ్బూ లేదని సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది.

మా లైట్లకూ గొట్టం చివర బంకే. చెప్పుల బంక కాదు, ఖరీదైన బంక, కానీ దానిలోంచీ వేడికి ఏదో ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి పోవడానికి దారి లేక ఎల్‌ఈడీ పూతలోకి దిగుతుంది. వేడి, నీలం వెలుతురు కలిసి దాన్ని గోధుమరంగుకు తిప్పుతాయి. మూత తీస్తే ఆవిరి మెల్లగా బయటికి పోతుంది. ఇలాంటిది జరుగుతుందని ఎప్పుడో చదివాను కూడా. మా లైట్ల విషయంలో అది ఒక్కసారి కూడా తట్టలేదు. ట్రంకుపెట్టెలో నేను ఉడికించినవి గొట్టం లేని ఉత్త పట్టీలు. అవి పసుపెక్కమన్నా ఎక్కవు.

ఆత్మకూరు తిరిగి వచ్చాక మళ్లీ మిద్దెమీదే, ఈసారి పద్ధతిగా చేశాను. బంకపెట్టి మూసినది ఒకటి, బంకపెట్టి తెరిచి ఉంచినది ఒకటి, బంక లేకుండా మూసినది ఒకటి, బంకా మూతా రెండూ లేనిది ఒకటి. అన్నీ మా కంపెనీ సరుకే, మా కంపెనీ బంకే. కరెంటు పోయిన గంటలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. జూలై సగానికి, బంకపెట్టి మూసినది ఒక్కటే పసుపెక్కింది. రిపోర్టు రాసి పంపాను.

మేనేజరు మూడు రోజులు పలకలేదు. ఆ తరవాత వీడియో మీటింగు పెట్టాడు. ఆరుగురు చేరారు. మొదట ఎక్కడ గమనించావని ఎవరో అడిగారు. చర్చిలో అని చెప్పాను. ఒకరు మైకు ఆపడం మరిచిపోయి నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

"ఆ బంక అప్రూవ్డ్ మెటీరియల్," అన్నాడు మేనేజరు. "దాని మీద వేలు పెడితే అంతా మొదటికొస్తది. విమానంలో వేడి ఎక్కువుంది, అది ఎయిర్‌లైన్స్ ప్రాబ్లమ్. వాతావరణ కారణాలు అని రాసెయ్."

"వాతావరణం ఒక్కటే కాదు సార్. వేడి తొందరపెడుతుంది, అసలు కారణం బంక. రెండూ రాస్తాను."

"విమానంలో ఇట్లనే అయిందని ప్రూఫ్ ఉన్నదా? మీ మిద్దె కాదు, విమానం."

లేదు. ఆయన అడిగిన దానిలో తప్పు లేదని నాకూ తెలుసు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

విప్పకుండా, గొట్టంతో సహా పంపమని ఎయిర్‌లైన్స్‌కు మెయిల్ పెట్టాను. మొదటిసారి అలవాటు ప్రకారం విప్పి పట్టీ మాత్రమే పంపారు. ఎర్ర అక్షరాలతో మళ్లీ మెయిల్ పెట్టాను. రెండోసారి గొట్టంతోనే బయలుదేరింది. కానీ మా స్టోర్సులో, లోపలి సీరియల్ నంబరు చూడాలని మూత తీశారు. నేను బెంగళూరు చేరేసరికి అది నాలుగు రోజులుగా అరలో తెరిచి ఉంది. మీటరు పెట్టాను. తెలుపు. మెయిల్ ప్రింటు తీసి స్టోర్సు ఆయన ముందు పెడితే, "మూత తీయకుండా ఎంట్రీ ఎట్లా చేస్తాం మేడమ్?" అన్నాడు. ఆయన తప్పూ కాదు. బాత్రూములోకి వెళ్లి మొహం కడుక్కుని వచ్చాను.

ఇక లైటు నా దగ్గరికి రావడం కాదు, నేనే లైటు దగ్గరికి వెళ్లాలనుకున్నాను. చెన్నైలో ఆ ఎయిర్‌లైన్స్ విమానాలను మరమ్మతు చేసే చోటికి పాసు కోసం నెలన్నర తిరిగాను. ఒకసారి ఆధార్‌లో ఇంటిపేరు స్పెల్లింగు తేడా అన్నారు, ఒకసారి మేనేజరు సంతకం పాతది అన్నారు. సెప్టెంబరు చివర పాసు వచ్చింది. ఆత్మకూరు నుంచి నెల్లూరు, నెల్లూరు నుంచి చెన్నై, చేతిలో చిన్న మీటరు, సంచిలో నల్లగుడ్డ.

విమానం ఎండలో ఆగి ఉంది. మెట్లెక్కి లోపల కాలు పెట్టగానే ఆవిరి పొయ్యిలోకి దిగినట్టయింది. ఏసీ లేదు. లైట్లన్నీ పూర్తి వెలుతురుతో మండిపోతున్నాయి. నలుగురైదుగురు ఆడవాళ్లు సీట్లూ అరలూ తుడుస్తున్నారు. చేరానని మా ఆయనకు ఫోన్‌లో చెబుతుంటే వాళ్లలో ఒకామె తలెత్తి చూసింది.

"మీది యా ఊరు మేడం?"

"ఆత్మకూరు."

"అట్టనా! మాది సీతారామపురం కాడ. నా మొగుడు ఈడ సెంట్రింగు పనికొస్తే నేనూ వచ్చినాను. ఆరేళ్లాయె."

నాకు కావలసిన మనిషి ఈమేననిపించింది. "లైట్లు కొన్ని పసుపు పచ్చగా అవుతాయి కదా, మీరెప్పుడైనా చూశారా?" అని అడిగాను.

"చూడకేం? దినామూ తుడిచేది నేనే గదా. భోజనాలు వేడిచేసే వంటగది గోడ పక్కన ఉంటాయే, అవి ముందు పచ్చబడతాయి. అదిగో, ఆ పైనది చూడండి."

"మీరు పనిచేసేటప్పుడు లైట్లన్నీ ఇలాగే ఫుల్లుగా వేసి ఉంచుతారా?"

"వెయ్యాల గదా, మరక కనబడాల. మేం దిగినాక కూడా ఆర్పరు. ఇంకో బ్యాచ్ వస్తాది. ఏసీ మాత్రం ఎవురూ వెయ్యరు. ఈ ఉడుకులో చస్తా ఉండాం, ఆ సంగతి కూడా రాసుకోండి."

రాసుకున్నాను. మా కంపెనీ లెక్కలన్నీ ఆకాశంలో ఎగిరే విమానానికి, చల్లటి క్యాబిన్‌కు వేసినవి. ఎండలో ఆగి, ఏసీ లేకుండా, లైట్లన్నీ పూర్తిగా వేసి గంటలు గంటలు ఉంచుతారని ఏ కాగితంలోనూ లేదు.

వీడియో కాల్‌లో నామీద విసుక్కున్న ఇంజనీరు అక్కడే ఉన్నాడు. వంటగది పక్కనున్న రెండు లైట్లను నా కళ్లముందే దింపించాడు. గొట్టం విప్పనివ్వలేదు నేను. నల్లగుడ్డ కింద పెట్టి, వెలిగించి, మీటరుతో కొలిచి, ఆయన చేతే నంబరు రాయించాను. పసుపు. అప్పుడు మూత తీయించాను. అదే ఘాటు, కొంచెం తక్కువగా. అవే గోధుమరంగు చుక్కలు. విప్పిన పట్టీలను ఆయన ఆఫీసు బల్లమీద వెలిగించి పెట్టి వచ్చి, మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వెళ్లి ఆయన చేతే కొలిపించాను. తెలుపు.

ఆయన రెండు నంబర్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు.

"అంటే ఇన్నాళ్లూ..."

"మీరు విప్పి పంపారు, నేను ఒక రోజు వెలిగించాను. మనిద్దరం కలిసి బాగుచేసి, ఆ తరవాత బాగానే ఉందని రాసుకున్నాం."

"మీరు రాసుకున్నారు మేడమ్," అన్నాడు. కోపంగా కాదు, అలసిపోయినట్టు అన్నాడు.

ఆ తరవాత ఎవరూ నవ్వలేదు. కానీ పని కదలడానికి ఏడాది దాటింది. విమానంలో ఒక చుక్క బంక మార్చాలన్నా కొత్తదానికి మంట అంటుకుంటుందా, పొగ వస్తుందా, చలికి పగులుతుందా అని ఒక్కొక్క పరీక్షా దాటాలి. అది అవసరమే, నేను కాదనను. నన్ను విసిగించింది మధ్యలో జరిగిన కాలక్షేపం. కారణాన్ని ఏమని పిలవాలనే మీటింగులకే రెండు నెలలు పోయాయి. "బంక" అనే మాట నా డ్రాఫ్టులో రాస్తే తీసేసేవాళ్లు, నేను మళ్లీ చేర్చేదాన్ని. ఒకసారి ఫైలు తెరిస్తే "వాతావరణ కారణాలు" అని నా పేరు కిందే ఉంది. అలాగైతే నా సంతకం ఉండదని మెయిల్ పెట్టాను. మేనేజరు ఫోన్ చేసి, "నీకు ఎందుకింత పట్టుదల?" అన్నాడు. ఇదివరకు కళ్లు మూసుకుని సంతకాలు పెట్టాను కాబట్టి అని చెప్పాను. "బంక" అనే మాటను ఇక తీయకుండా ఉంచారు.

చివరికి బంక తీసేశారు. గొట్టం చివర రబ్బరు రింగు, స్క్రూ మూత, దుమ్ము లోపలికి పోకుండా ఆవిరి మాత్రం బయటికి పోయే చిన్న రంధ్రం వచ్చాయి. నేలమీద క్యాబిన్ వేడిగా ఉన్నప్పుడు లైట్లు సగానికి మించి వెలగకుండా అమరిక కూడా పెట్టారు. పెద్దవాళ్ల ముందు మేనేజరు చూపించిన స్లైడుల్లో "మా టీమ్ కనుగొన్నది" అని ఉంది. చర్చి లేదు, ఏఎస్ పేట భాయ్ లేడు, సీతారామపురం ఆమె అసలే లేదు. నేను చేయి పైకెత్తి భాయ్ సంగతి చెప్పబోతే, టైమ్ అయిపోయిందన్నారు.

చర్చిలో సంగతి అంత సులువుగా తెమల్లేదు. ట్యూబు చివర రంధ్రం పెడదామంటే మామగారు ఒప్పుకోలేదు.

"రంధ్రం పెడితే ఉసిళ్లు పోతాయి. ఉసిళ్లు పోకూడదనే గదా ఇంత చేసింది!"

"రవంత రంధ్రం పెద్దాయనా, దోమతెర గుడ్డ అతికిస్తాను," అన్నాడు భాయ్.

"దేనితో అతికిస్తావు? బంకతోనేనా?"

భాయ్ నావైపు చూశాడు. దారంతో కట్టమన్నాను. కట్టాడు. ట్యూబులు తెల్లగానే ఉన్నాయి. వానలు పడ్డాక రెండింటిలోకి ఉసిళ్లు పోయి చచ్చి నల్లగా పేరుకున్నాయి. నేను వెళ్లిన ప్రతి ఆదివారం మామగారు వాటిని నాకు వేలితో చూపిస్తారు.

పాత రిపోర్టులు సరిదిద్దమని కంపెనీలో అడిగాను. మూసేసిన ఫైళ్లు తెరవడం కుదరదన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. బంకతో మూసిన పాత లైట్లు ఇంకా కొన్ని విమానాల్లో ఉన్నాయి. అవి పాడైతేనే మారుస్తారు. కాబట్టి ఫిర్యాదులు ఇంకా వస్తూనే ఉన్నాయి. నేను సాధించుకోగలిగింది ఫారంలో ఒక కొత్త గడి. "మూత విప్పిన తేదీ, సమయం" అని ఉంటుంది అందులో. పోయిన వారం బెంగళూరు నుంచి ల్యాబులో కొత్తగా చేరిన ఆవిడ ఫోన్ చేసింది. ఒక పట్టీ వచ్చిందట, బాగానే ఉందట, లోపం కనబడలేదని రాసేయనా అని అడిగింది.

"ఆ గడిలో ఏం రాశారు?" అని అడిగాను.

"ఖాళీగా ఉంది మేడమ్."

రాయొద్దన్నాను. చెన్నైకి ఫోన్ కలిపాను.